జోరీగ పక్కన గోదారి

రాత్రి పదకొండింటికి కరెంటు పోతుంది. ఫ్యాను నెమ్మదిస్తుంది, రెక్కలు విడివిడిగా కనిపిస్తాయి, ఆగిపోతుంది. ఫ్రిజ్ మూలుగు ఆగుతుంది. ఎదురింటి టీవీ ఆగుతుంది. ఇంట్లోవాళ్లు విసనకర్ర కోసం చీకట్లో తడుముకుంటూ ఉంటారు. మీరు మాత్రం మంచం మీద లేచి కూర్చుని, ఉక్కపోత సంగతే మరిచిపోయి, ఒక్క చప్పుడే వింటూ ఉంటారు. కుయ్యిమని, తెంపు లేకుండా, తల నడిమధ్య నుంచి వస్తున్నట్టు. “ఏంటండీ అలా కూర్చున్నారు?” అని అడిగితే ఏం చెప్పాలో తెలీదు. చెప్పినా వాళ్లకు వినపడదు కదా.

ఈ అధ్యాయం అలా లేచి కూర్చున్నవాళ్ల కోసం.

మా వైపు దీన్ని ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. ఒకరికి కీచురాయి. ఒకరికి కుక్కరు కూత వేసే ముందు వచ్చే సన్నటి ఆవిరి చప్పుడు. ఒకరికి దూరంగా రైసుమిల్లు ఆడుతున్నట్టు. ఎక్కువమంది నోట వచ్చే మాట జోరీగ. మనిషిని సతాయించేవాటిని లెక్కపెడుతూ వేమన కూడా దాన్ని వదల్లేదు. సుశ్రుతుడు కర్ణనాదమనీ కర్ణక్ష్వేడమనీ రెండు పేర్లు పెట్టి చెవి రోగాల్లో చేర్చాడు. ఇవాళ్టి డాక్టరు చీటీ మీద టినిటస్ అని రాస్తాడు. పేరేదైనా, చీటీ చేతికి రాగానే మనం అడిగేది ఒక్కటే: “ఇది పోతుందాండీ?”

నేనూ అదే అడిగాను. ఏళ్లతరబడి ఉన్న మోత పూర్తిగా పోతుందని ఎవరూ మాట ఇవ్వలేరు. అయితే మోత ఉండగానే దాని బాధ తగ్గడం చాలామందికి జరుగుతుంది. ఎలాగో చెప్పడానికి మిమ్మల్ని ముందు ఒక రొయ్యల చెరువు దగ్గరికి తీసుకెళ్లాలి.

చెరువు గట్టు మీది నిద్ర

భీమవరం, ఉండి, ఆకివీడు వైపు రాత్రిపూట ఎప్పుడైనా ఆగారా? చెరువుల్లో ఏరియేటర్లు నీళ్లను చితక్కొడుతూ తిరుగుతుంటాయి. ఒకటి కాదు, కనుచూపు మేర చెరువులన్నిట్లోనూ. గట్టు మీద పాకలో కాపలా మనిషి హాయిగా గురక పెడుతుంటాడు. చుట్టపుచూపుగా వెళ్లిన మనకు రెప్ప పడదు. ఈ మోతలో ఇతనెలా పడుకుంటున్నాడ్రా బాబూ అని దొర్లుతుంటాం.

కరెంటు పోతుంది. ఏరియేటర్లు ఆగుతాయి. మనం అప్పుడు కన్ను మూద్దామనుకుంటాం. సరిగ్గా అప్పుడే అతను దిగ్గున లేచి జనరేటరు వైపు పరుగెడతాడు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఏరియేటరు ఆగితే రొయ్యలు పైకి తేలిపోతాయి, పంట మొత్తం పోతుంది. అందుకని చప్పుడుకు లేవని మనిషి చప్పుడు ఆగితే లేచాడు.

అంటే అతని చెవి రాత్రంతా పనిచేస్తూనే ఉందన్నమాట. మోత లోపలికి వెళుతూనే ఉంది. మెదడే గుమ్మంలో కూర్చుని, “ఇది మనకు హాని చేసేది కాదు, పోనీ” అని దాన్ని పక్కన పెట్టింది. మనల్ని నిద్రపోనివ్వనిది చప్పుడు ఎంత ఉందన్న లెక్క కాదు, మెదడు దానికి ఏ అర్థం ఇచ్చిందన్నది. ఇదే గోదావరి డెల్టాలో దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. 1995 జనవరి 8న పాసర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి బ్లోఔట్ అయి 65 రోజులు మండింది. ఆ హోరు విన్న తరం కోనసీమలో ఇంకా ఉంది. వాళ్లనడగండి, ఆ చప్పుడు అలవాటైందా అని.

మన చెవిలో జోరీగ మొదలైన రోజున మెదడు దాన్ని పాసర్లపూడి లెక్కలో రాసుకుంది. నరాల జబ్బేమో, గడ్డేమో, చెవుడు వస్తుందేమో, పిచ్చెక్కుతుందేమో. భయపడ్డ మెదడు కాపలా పెంచుతుంది. కాపలా పెరిగేకొద్దీ మోత పెద్దదిగా వినిపిస్తుంది, పెద్దదిగా వినిపించేకొద్దీ భయం పెరుగుతుంది. శబ్దచికిత్స అనేదాని పనంతా ఈ లెక్కను పాసర్లపూడి ఖాతాలోంచి ఏరియేటరు ఖాతాలోకి మార్చడమే. నెలలు పడుతుంది. కానీ మెదడుకు ఈ విద్య కొత్తగా నేర్పక్కర్లేదు, చెరువు గట్టు మీద అది రోజూ చేసేదే.

అసలు చప్పుడెక్కడిది

లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న చిన్న అవయవం ఉంటుంది. అందులో ఒక్కో చెవికి సుమారు 15 వేల వెంట్రుక కణాలు. శబ్దాన్ని నరాల భాషలోకి మార్చేవి ఇవే. మిల్లు మోతకో, బాణసంచాకో, వయసుకో, కొన్ని మందులకో ఇవి చచ్చిపోతే మనుషుల్లో మళ్లీ మొలవవు. సాధారణంగా ముందు దెబ్బతినేవి సన్నటి, కీచు స్వరాలను పట్టుకునే కణాలు. అటునుంచి సమాచారం తగ్గేసరికి, స్టేషను సరిగా అందనప్పుడు మనం రేడియో వాల్యూం పెంచినట్టు, మెదడు తన వాల్యూం పెంచుకుంటుంది. స్టేషను రాదు, గరగర మాత్రం పెరుగుతుంది. శాస్త్రవేత్తల్లో ఎక్కువమంది ఒప్పుకునే వివరణ ఇది. అన్ని కేసులకూ ఇదే సరిపోతుందని కాదు.

ఈ గరగర అందరిలోనూ కాస్తో కూస్తో ఉంది. 1953లో హెల్లర్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు అమెరికన్లు వినికిడి బాగున్న 80 మందిని ఒక్కొక్కరినే శబ్దం చొరని గదిలో కొద్ది నిమిషాలు కూర్చోబెట్టి, ఏం వినిపించిందో రాయమన్నారు. నూటికి 94 మంది ఏదో ఒక మోత విన్నామని రాశారు. 2012లో ఇంకో ప్రయోగంలో వినికిడి బాగున్న 18 మంది వారం రోజులు ఒక చెవికి బిరడా పెట్టుకుని తిరిగారు. వాళ్లలో ఎక్కువమందికి లేని చప్పుళ్లు వినిపించాయి. బిరడా తీశాక పోయాయి. దీన్నిబట్టి ఒకటి గుర్తు పెట్టుకోండి. మోత భరించలేక చెవుల్లో దూది కుక్కుకుని తలుపులు బిగించుకుని పడుకుంటామే, అది సరిగ్గా చేయకూడని పని.

నాకు నమ్మశక్యం కాని సంగతి మరొకటి ఉంది. పరీక్ష గదిలో బయటి శబ్దంతో పోల్చి కొలిస్తే, చాలామంది టినిటస్ వాళ్లకు వినబడే కనీస స్థాయికి పైన పది డెసిబెళ్లు కూడా ఉండదు. తలంతా నిండిపోయిందనుకున్న హోరు ఆకు కదిలినంత! మొదటిసారి ఆ మాట చెప్పినప్పుడు నాకు కోపమే వచ్చింది, నేనేదో నటిస్తున్నాననుకుంటున్నారేమోనని. తర్వాత ఆలోచిస్తే అది మంచి కబురే. ఇంత చిన్న చప్పుడైతే దాని పక్కన ఇంకో చిన్న చప్పుడు పెట్టినా చాలు.

ఫౌంటెను దగ్గర దొరికిన మందు

పక్కన చప్పుడు పెట్టడం కొత్త ఆలోచన కాదు. 1821లో ఫ్రెంచి వైద్యుడు ఇటార్ చెవి జబ్బుల మీద రాసిన పుస్తకంలోనే ఉంది. పొయ్యిలో మంట హోరు, చెమ్మ కట్టె చిటపటలు, పైనుంచి రాగి పళ్లెంలోకి కారే నీటి చప్పుడు, ఎవరి మోతకు తగ్గది వాళ్లు వినమన్నాడు.

ఇప్పటి పద్ధతికి నాంది 1970ల మొదట్లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ ఊళ్లో పడింది. చార్లెస్ యూనిస్ అనే డాక్టరుకు టినిటస్. జాక్ వెర్నన్ అనే పరిశోధకుడిని కలవడానికి వచ్చాడు. ఇద్దరూ నడుస్తూ ఒక ఫౌంటెను దగ్గర ఆగారు. యూనిస్ అక్కణ్నుంచి కదలడే! ఆ నీటి హోరులో తన చెవి మోత వినిపించడం లేదు. వెర్నన్‌కు అక్కడ మెరిసిన ఆలోచన నుంచి చెవికి తగిలించుకునే మాస్కర్ యంత్రాలు వచ్చాయి.

ఈ కథ చదివినప్పుడు నేను పెద్దగా నవ్వుకున్నాను. నాకు ధవళేశ్వరంలో జరిగింది అదే. రాజమండ్రి దగ్గర గోదావరి అంత వెడల్పునా నోరు విప్పదు. పుష్కరాల రేవులో గంటసేపు కూర్చున్నా మన చెవి మోతే మనకు గట్టిగా వినిపిస్తుంది. 1852లో కాటన్ దొర పూర్తి చేసిన ఆనకట్ట ఉన్న చోట, ఇప్పుడు 175 గేట్ల బ్యారేజీ ఉన్న చోట మాత్రం, వరద రోజుల్లో ఆ నది ఏళ్లతరబడి దాచుకున్నదంతా ఒక్కసారి చెప్పేస్తుంది. శ్రావణంలో ఒక సాయంత్రం అక్కడ నిలబడి ఏదో తేడాగా ఉందే అనుకున్నాను. కాసేపటికి గాని తెలియలేదు, జోరీగ లేదని. వెనక్కి వస్తుంటే ఊరు దాటకముందే మళ్లీ వచ్చి కూర్చుంది.

అలా వెనక్కి వచ్చి కూర్చోవడమే మాస్కింగ్‌తో చిక్కు. పెద్ద చప్పుడుతో ముంచితే హాయి, ఆపితే మళ్లీ మొదటికి. కొందరికి ఆపిన తర్వాత కొన్ని క్షణాలో నిమిషాలో మోత తగ్గే ఉంటుంది, అంతకుమించి కాదు. పైగా ముంచేసినప్పుడు మెదడు దేన్ని అలవాటు చేసుకోవాలి? వినపడని దాన్ని అలవాటు చేసుకోలేం కదా. 1990లో పావెల్ జాస్ట్రెబాఫ్ అనే శాస్త్రవేత్త ఈ భయం, కాపలా లెక్కనంతా నరాల భాషలో వివరించాడు. లండన్ వైద్యుడు జొనాథన్ హేజెల్‌తో కలిసి ఒక చికిత్సా పద్ధతిని తీర్చిదిద్దాడు. అందులో శబ్దం మోతను ముంచదు. రెండూ ఒకదాంట్లో ఒకటి కలిసేంత దగ్గరకు వచ్చి, ఇంకా విడివిడిగా వినబడే చోట ఆగుతుంది. పక్కన మాటలతో కూడిన వివరణ, ధైర్యం. మొత్తం పూర్తవడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర.

ముందు డాక్టరు, తర్వాత ఫోను

ఇక్కడిదాకా చదివి ఫోనులో వాన చప్పుడు వెతకడం మొదలుపెట్టి ఉంటారు. ఆగండి. మోత ఒక్క చెవిలోనే ఉన్నా, గుండె కొట్టుకున్నట్టు లయగా ఉన్నా, తల తిరుగుతున్నా, ముఖం ఒక పక్క లాగేసినా ముందు ఈఎన్‌టీ డాక్టరు చూడాలి. హఠాత్తుగా ఒక చెవి వినపడడం మానేస్తే అది అత్యవసరం. మందు మొదలుపెట్టడానికి రోజులే గడువు, వారాలు కాదు. “గాలి కొట్టింది, తగ్గిపోద్దిలే” అని ఊరుకోవద్దు.

కొన్నిసార్లు కారణం గుబిలి అయి ఉంటుంది. డాక్టరు తీసేస్తే మోతా పోతుంది. ఇంట్లో మాత్రం తీయకండి. పిన్నీసు, అగ్గిపుల్ల, కోడి ఈక, వెల్లుల్లి వేసి కాచిన నూనె, వీటన్నిటితో కర్ణభేరి చిల్లులు పడ్డ చెవులు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. మీరు వాడే మందుల పేర్లన్నీ కాగితం మీద రాసుకుని వెళ్లండి. జెంటామైసిన్, క్షయకు ఇచ్చే స్ట్రెప్టోమైసిన్, క్యాన్సర్‌కు ఇచ్చే సిస్‌ప్లాటిన్, ఎక్కువ మోతాదులో ఆస్పిరిన్, ఇవన్నీ చెవి మీద పనిచేసేవే. మీ అంతట మీరు ఆపకండి, అడగండి.

వినికిడి పరీక్ష తప్పనిసరి. కాకినాడలో రంగరాయ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది, రాజానగరంలో జీఎస్‌ఎల్ మెడికల్ కాలేజీ ఉంది, రాజమండ్రిలో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలే ఉంది. ఇంకా లోతైన సలహా కావాలంటే 1965లో మైసూరులో పెట్టిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ దేశంలో పెద్ద దిక్కు.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, పరీక్షలో వినికిడి లోపం బయటపడితే వినికిడి యంత్రమే మీ మొదటి శబ్దచికిత్స. బయటి లోకం చప్పుళ్లు మళ్లీ లోపలికి రావడం మొదలైతే మెదడు తన వాల్యూం తగ్గించుకునే వీలుంటుంది. పైగా మోతతో పాటు ఎదుటివాళ్ల మాట వినపడని కష్టం కూడా తీరుతుంది. మనలో చాలామంది “ఈ జోరీగ వల్ల మాట వినపట్టంలేదు” అంటారు. తరచు అది తిరగేసిన మాట. మాట వినపడకపోవడానికీ జోరీగకూ కారణం ఒకటే.

యంత్రం విషయంలో నా బుద్ధితక్కువ కూడా చెప్పాలి. నేను మొదట కొన్నది ఒక దుకాణంలో, పరీక్షే లేకుండా. అది ఎవరిదో, ఏ ఊళ్లోదో చెప్పను. చెవిలో పెట్టి, “ఆయ్, వారం రోజుల్లో గోలంతా తగ్గిపోద్దండి” అన్నాడు. అది అన్ని చప్పుళ్లనూ ఒకేలా పెంచే డబ్బా. కంచంలో గరిటె పడితే పిడుగు పడ్డట్టుండేది, మనుషుల మాట మాత్రం అక్కడే ఉండేది. రెండేళ్లు బీరువాలో పడి ఉంది. యంత్రం చెడ్డదని తీర్మానించుకుని ఆ రెండేళ్లు పోగొట్టుకున్నాను. వినికిడి పరీక్షించే ఆడియాలజిస్టు మీ పరీక్ష కాగితం చూసి, ఏ స్వరంలో ఎంత లోటు ఉందో అంతే పెంచేలా అమర్చాలి. చెవి రంధ్రం పూర్తిగా మూసేయని రకం ఉంటుందేమో అడగండి, టినిటస్ వాళ్లకు తరచు అదే మేలు.

ఎంత పెట్టాలి

ఇదొక్కటీ సరిగ్గా పట్టుకుంటే మిగతాది పెద్ద విద్య కాదు.

రాత్రి కాకుండా పగలు, ప్రశాంతంగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి. ఫోనులోనో చిన్న స్పీకరులోనో వాన, నీటి హోరు, గాలి, ఇలా ఎగుడుదిగుడు లేకుండా సాగే చప్పుడు ఒకటి పెట్టండి. మాటలు, పాటలు వద్దు. మాట వినిపిస్తే మెదడు దాన్ని వినడం మొదలుపెడుతుంది. వాల్యూం సున్నా నుంచి కొద్దికొద్దిగా పెంచండి. ఒక చోట మీ జోరీగ అంచు కొంచెం మసకబారుతుంది, పాలల్లో కాస్త నీళ్లు కలిసినట్టు. ఇంకా వినిపిస్తూనే ఉంటుంది, కానీ బయటి చప్పుడూ వినిపిస్తుంది. అక్కడే ఆగండి. జోరీగ పూర్తిగా మాయమైతే ఎక్కువ పెట్టినట్టే, ఒక మెట్టు దించండి. పక్క మనిషితో గొంతు పెంచకుండా మాట్లాడగలుగుతున్నారా? అయితే సరిగ్గా ఉంది.

తర్వాత దాన్ని మరిచిపోయి మీ పని మీరు చేసుకోండి. ఇదే కష్టం. పది నిమిషాలకోసారి “తగ్గిందా?” అని చెవి రిక్కిస్తే, పొయ్యి మీద పాలు పొంగాయా అని మూత తీసి చూస్తున్నట్టే. అలా చూసిన ప్రతిసారీ మెదడుకు ఇది ముఖ్యమైన సంగతని మళ్లీ చెబుతున్నాం. మోత ఎంత ఉందో రోజూ డైరీలో మార్కులు వేసుకునేవాళ్లున్నారు. నేనూ వేశాను. మానేయండి. ఏదైనా రాసుకోవాలనుంటే నెలకోసారి రాసుకోండి, అదీ మోత గురించి కాదు. ఈ నెల ఎన్ని రాత్రులు నిద్ర చెడింది, ఏ పనులు మానుకున్నాను, ఎవరి మీద కసురుకున్నాను. ఆడియాలజిస్టులు వాడే ప్రశ్నావళుల్లో ఒకటి 25 ప్రశ్నలది, నూటికి మార్కులు. అదీ అడిగేది ఇలాంటివే.

ఏ చప్పుడు మంచిదంటారా? మీకు నచ్చినది, మీకు ఏమీ గుర్తు చేయనిది. వరదకు ఇల్లు పోగొట్టుకున్న లంక గ్రామాల మనిషికి గోదారి హోరు పెట్టుకోమని నేను చెప్పను. అతనికి ఫ్యాను చప్పుడే నయం. ఫోనుల్లో దొరికే తెల్లమోత, గులాబీమోత, గోధుమమోత అన్నీ ఒకే కుటుంబం. తెల్లది సర్రుమని సన్నగా ఉంటుంది, గోధుమది జలపాతంలా లావుగా ఉంటుంది. ఏది గొప్పదనే వాదన నాకు కొబ్బరి చట్నీ, అల్లం చట్నీ వాదనలా అనిపిస్తుంది. మధ్యలో ప్రకటనలు రాకుండా చూసుకోండి చాలు. అర్ధరాత్రి వాన మధ్యలో సబ్బు ప్రకటన కంటే జోరీగే మేలు.

సొంతంగా రికార్డు చేసుకుంటే ఇంకా బావుంటుంది. ఆత్రేయపురం దగ్గర లొల్ల లాకుల్లో నీళ్లు దూకే చోటు దానికి అనువైనది. (ఊరి పేరులోనే లొల్లి ఉందని నా కొంటె మాట.) ఫోనును గాలికి ఎదురుగా పెట్టకండి, మైకులో గాలి బుసే పడుతుంది. పలచటి రుమాలు చుట్టి, గోడ చాటున పెట్టి, ఓ అరగంట తీయండి. వేసవిలో కాలువలు కట్టేశాక వెళితే ఏమీ ఉండదు. నీళ్లున్నప్పుడే తీసిపెట్టుకోండి.

కొందరికి మోతతో పాటు బయటి మామూలు చప్పుళ్లే భరించలేనంతగా ఉంటాయి, స్టీలు గిన్నెలు చెవిలో గుచ్చుకుంటాయి. వాళ్లు ఆడియాలజిస్టు పర్యవేక్షణలో, వినీ వినపడనంత తక్కువ నుంచి మొదలుపెట్టాలి. నిశ్శబ్దంలో దాక్కుంటే మాత్రం ఇంకా ముదురుతుంది.

రాత్రి

మనకు తెలియకుండానే మనమంతా శబ్దచికిత్సలో ఉన్నాం. సీలింగు ఫ్యాను. ధనుర్మాసంలో చలికి ఫ్యాను ఆపేసి, “చలికాలం వస్తే నాకు చెవిలో మోత ఎక్కువవుతుందండీ” అనేవాళ్లను చాలామందిని చూశాను. చలి కాదు, ఫ్యాను లేదు. దుప్పటి ఒకటి ఎక్కువ కప్పుకుని ఫ్యాను ఒకటిలో పెట్టుకోండి, గోడవైపు తిప్పిన టేబుల్ ఫ్యాను అయినా సరే. కరెంటు పోయే ఊరైతే చార్జింగు స్పీకరు ఒకటి పక్కన ఉంచుకోండి, ఫ్యాను ఆగగానే అది అందుకుంటుంది.

స్పీకరు తలగడకు చెయ్యి చాచినంత దూరంలో ఉండాలి. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నిద్రపోవద్దు. రాత్రంతా పెట్టుకోవచ్చా అంటే పెట్టుకోవచ్చు. రెండింటికి మెలకువ వచ్చినప్పుడు గది నిశ్శబ్దంగా ఉంటే ముందు పలకరించేది జోరీగే. ఇరవై నిమిషాలు దొర్లినా నిద్ర రాకపోతే లేచి హాల్లోకి వెళ్లండి, పాత వారపత్రిక తిరగేయండి, నిద్ర వచ్చాకే పక్క ఎక్కండి. పక్కమీద పడుకుని మోతతో పోట్లాడటం అలవాటైతే, ఆ మంచం చూడగానే మెదడు కత్తి దూస్తుంది.

ఇంట్లోవాళ్లకు ఒకసారి కూర్చోబెట్టి చెప్పండి. మా ఆవిడ చాలాకాలం నేను ఆవిడ మాట విననట్టు నటిస్తున్నాననుకుంది. ఒకరోజు ఫోనులో సన్నటి కూత ఒకటి వెతికి, “ఇదిగో, ఇరవై నాలుగు గంటలూ ఇదే” అని వినిపించాను. అర నిమిషం విని, “బాబోయ్, ఆపండి” అంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో రాత్రి ఫ్యాను మీద తగువు లేదు.

ఉన్నదున్నట్టు

ఇంత చెప్పాక ఇది దాస్తే తప్పు. శబ్దచికిత్స మీద జరిగిన పరీక్షలన్నీ కూడగట్టి 2018లో కోక్రేన్ సంస్థ ఒక సమీక్ష వేసింది. యంత్రాలు, శబ్దాలు ఏమీ ఇవ్వకుండా వేచి ఉన్నవాళ్లకంటే, లేదా ఉత్త సలహా విన్నవాళ్లకంటే, వీటివల్ల ఎక్కువ మేలు జరిగిందని నిరూపించే ఆధారం దొరకలేదంది. చప్పుడు పెట్టుకున్నవాళ్లు బాగుపడలేదని కాదు, దానివల్లే ఎక్కువ బాగుపడ్డారని తేల్చడానికి ఆధారం చాలలేదని. 2020లో అదే సంస్థ ఆలోచనాసరళిని మార్చే చికిత్స, అంటే సీబీటీ, టినిటస్ జీవితం మీద వేసే భారాన్ని తగ్గిస్తుందని తేల్చింది. 2014లో అమెరికా ఈఎన్‌టీ వైద్యుల సంఘం ఇచ్చిన మార్గదర్శకాలూ ఆ దారిలోనే ఉన్నాయి. సీబీటీ చేయించండి, వినికిడి లోపముంటే యంత్రం చూడండి, శబ్దచికిత్స కావాలంటే ప్రయత్నించవచ్చు, గింకో బిళ్లలూ ఆహారపు పొడులూ వద్దు అని.

నా తీర్పు ఇది. వేలకు వేలు పోసి శబ్ద యంత్రం కొనమని ఎవరన్నా అంటే, ముందు మూడు నెలలు ఫ్యానుతో, ఫోనుతో ప్రయత్నించండి. ఖర్చు లేదు, హాని లేదు, నిద్ర పడుతుంది. ‘పదిహేను రోజుల్లో చెవి మోత మాయం’ అనే చుక్కల మందు ప్రకటన కనబడితే పేజీ తిప్పేయండి. మోత వల్ల బతకాలనిపించడం లేదనే ఆలోచన వస్తుంటే మాత్రం ఈ పుస్తకం చాలదు. 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అది, ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మాట్లాడినంత మాత్రాన పిచ్చివాళ్లమని ఎవరూ రాసుకోరు.

మిగిలిన వెంట్రుక కణాలను కాపాడుకునే మాట ఒకటి. 85 డెసిబెళ్ల మోతలో రోజుకు 8 గంటలు మించి ఉండకూడదు. ప్రతి 3 డెసిబెళ్లకూ ఆ గడువు సగమవుతుంది, అంటే 100 దగ్గర పావుగంటే. రైసుమిల్లు, పీచు మిల్లు, జనరేటరు గది, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో బాణసంచా, పెళ్లి ఊరేగింపులో డీజే, వీటి దగ్గర చెవికి బిరడాలు పెట్టుకోండి. నిశ్శబ్దంలో వద్దన్న బిరడాలు ఇక్కడ కావాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగ స్థలాల్లో మైకు మోగకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో ఉంది. మా వీధి గుళ్లో ఆ సంగతి చెప్పి చూశాను. దేవుడికి వినపడొద్దా అన్నారు.

నాది ఇంకా మోగుతూనే ఉంది. మామూలు రోజుల్లో మధ్యాహ్నం దాకా గుర్తే రాదు. ఈ అధ్యాయం రాసిన వారం రోజులూ మాత్రం బాగా వినిపించింది, దాని గురించే రాస్తున్నాను కాబట్టి. మీకూ ఇది చదువుతున్నంతసేపూ గట్టిగానే వినిపించి ఉంటుంది. పుస్తకం మూసి, ఫ్యాను వేసుకుని, వెళ్లి అన్నం తినండి.